సాగర్ నగర్ డాబా మీద నిలువు గాలిమర: మా డిజైన్ ఒకసారి చూడండి

సాగర్‌నగర్_కుర్రాడు
జూన్ 4, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది విశాఖ సాగర్ నగర్, బీచ్ రోడ్డు దాటి మూడో వీధి. కింద ఒకటి, పైన రెండు అంతస్తులు. మధ్యాహ్నం మూడు దాటిందంటే డాబా మీద ఆరేసిన దుప్పట్లు క్లిప్పులతో సహా పక్కింట్లో పడతాయి. ఈ గాలిని ఊరికే పోనివ్వకూడదని నేనూ, నాతో మెకానికల్ చదివిన ఇద్దరు స్నేహితులూ రెండు నెలలుగా కాగితాల మీద కుస్తీ పడుతున్నాం.

మా డిజైన్ ఇదీ. నిలువు ఇరుసు, హెచ్ ఆకారం డారియస్ రకం, అంటే ఇరుసు చుట్టూ నిటారు రెక్కలు తిరిగేది. మూడు రెక్కలు, ఒక్కోటి 2 మీటర్ల పొడవు, 10 సెం.మీ. వెడల్పు, నాకా 0015 ఆకారం (విమానం రెక్కలాంటి ఒక ప్రామాణిక అడ్డకోత). రోటర్ వ్యాసం 1.5 మీటర్లు. చెక్క పలకల మీద అల్యూమినియం రేకు చుట్టి రివెట్లు కొడదామనుకుంటున్నాం. కింద లారీ ఆల్టర్నేటర్, బెల్టుతో వేగం పెంచుతాం. డాబా మధ్యలో మీటరున్నర పైపు మీద నిలబెడతాం. అనుకున్నది 1 కిలోవాట్.

నిలువుదే ఎందుకంటే మా దగ్గర గాలి ఒక దిక్కున నిలవదు. పగలు సముద్రం వైపు నుంచి, రాత్రి కొండల వైపు నుంచి, వానాకాలం వస్తే నైరుతి నుంచి. తోక పెట్టి మళ్లించే పని లేకుండా ఎటు నుంచి కొట్టినా తిరగాలి. బరువైన జనరేటర్ కిందే ఉంటుంది, చేతికి అందుతుంది. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

గాలిలెక్క
జూన్ 4, రాత్రి 11:20

బాబూ, కొలతలన్నీ ఇచ్చి అడిగారు, సంతోషం. చాలామంది "గాలిమర పెడితే ఎంత వస్తుంది" అని మాత్రమే అడుగుతారు.

ముందు ఆ కిలోవాట్ సంగతి చూద్దాం. గాలిలో ఉన్న శక్తి అంటే సగం × గాలి సాంద్రత × రోటర్ ఎదురు వైశాల్యం × వేగం ఘనం. మన ఉక్కకి సాంద్రత 1.16 వేసుకోండి. పుస్తకాల్లో కనిపించే 1.225 పదిహేను డిగ్రీల చలిలో లెక్క. మీ వైశాల్యం 1.5 × 2 = 3 చదరపు మీటర్లు. సెకనుకి 5 మీటర్ల గాలిలో దాని గుండా పోయే శక్తి 217 వాట్లు. అందులో ఎంత మంచి టర్బైన్ అయినా 59.3 శాతానికి మించి తీయలేదని ఆల్బర్ట్ బెట్జ్ 1920లోనే ప్రచురించాడు. ఇంట్లో చేసుకున్న చిన్న డారియస్ పాతిక శాతం తీస్తే మెచ్చుకోవాలి. అంటే ఇరుసు దగ్గర 54 వాట్లు. జనరేటర్, డయోడ్లు, తీగలు తినగా బ్యాటరీలోకి 38. అదే గాలి 3 మీటర్లకి పడిపోతే 8 వాట్లు. 10 మీటర్లయితే 300.

ఇక మీ కిలోవాట్ కావాలంటే సెకనుకి 15 మీటర్లు, అంటే గంటకి 54 కిలోమీటర్ల గాలి రోజంతా వీచాలి. అలా వీచే రోజున మీరు డాబా ఎక్కరు.

నిరుత్సాహపరచడానికి రాయడం లేదు. ఏది ఆశించాలో తెలిస్తే ఏది కట్టాలో తెలుస్తుంది. దుప్పట్లు ఎగరడం కొలత కాదు. గాలి వేగం కొలిచే కప్పుల ఎనిమోమీటర్ ఒకటి కొని, రోటర్ ఎక్కడ ఉంటుందో ఆ ఎత్తులోనే కట్టి, పది నిమిషాలకోసారి సగటు రాసుకునేలా పెట్టండి. కనీసం ఆరు వారాలు. వేగం ఘనంలో పెరుగుతుంది కాబట్టి కొలతలో పావు వంతు తప్పు చేస్తే కరెంటు లెక్క దాదాపు రెండింతలు తప్పుతుంది.

కంచరపాలెం_కరెంట్
జూన్ 5, ఉదయం 7:15

లారీ ఆల్టర్నేటర్ వద్దు తమ్ముడూ. అది పనికి రావాలంటే నిమిషానికి వెయ్యిన్నర చుట్లు దాటాలి, పైగా లోపలి ఫీల్డ్ కాయిల్‌కి బ్యాటరీ నుంచే కరెంటు పెట్టాలి. మీ రోటర్ 5 మీటర్ల గాలిలో 140 చుట్లు తిరుగుతుందేమో. బెల్టు వేసి పది రెట్లు పెంచితే వచ్చే 54 వాట్లలో సగం బెల్టూ బేరింగులే మింగేస్తాయి.

పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్ కావాలి, నేరుగా ఇరుసుకే. సొంతంగా చుట్టుకోవచ్చు: తొమ్మిది కాయిల్స్, రెండు ఇనుప పళ్లేల మీద పన్నెండేసి మాగ్నెట్లు. లేదంటే ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో ఈ-స్కూటర్ హబ్ మోటార్ దొరుకుతుంది. గేర్లు లేనిదే చూసుకోండి. కొనే ముందు మూడు పనులు చేయండి. తీగలు దేనికీ తగలకుండా విడిగా ఉంచి చేత్తో తిప్పండి. గట్టిగా పట్టిపట్టి వదులుతుంటే అది లోపలి మాగ్నెట్లు ఇనుప పళ్లని లాగడం. అలాంటిది పెడితే చిన్న గాలిలో మీ రోటర్ కదలనే కదలదు. తర్వాత మూడు ఫేజుల తీగలూ కలిపి పట్టుకుని తిప్పండి, బురదలో తిప్పినట్టు బరువుగా ఉండాలి. అలా లేకపోతే కాయిల్ పోయింది. చివరగా డ్రిల్లు మిషన్‌తో తిప్పి ఎన్ని చుట్లకి ఎన్ని వోల్టులో రాసుకోండి.

ఎంవీపీ_మేడ
జూన్ 5, ఉదయం 8:40

ఆన్‌లైన్‌లో రెడీమేడ్ దొరుకుతున్నాయి కదండీ? ఎర్ర లాంతరులా ఉంటుంది, 60 సెం.మీ. వెడల్పు, 90 ఎత్తు, 3000 వాట్లు అని రాసి ఉంది. ఇంత కష్టం ఎందుకు?

గాలిలెక్క
జూన్ 5, ఉదయం 9:05

అమ్మా, అయ్యా ఎవరైనా సరే, కొనే ముందు ఒక్క గుణకారం చేయండి. 0.6 × 0.9 అంటే 0.54 చదరపు మీటర్లు. సెకనుకి 12 మీటర్ల గట్టి గాలిలో కూడా ఆ కాస్త జాగా గుండా పోయే మొత్తం గాలి శక్తే 541 వాట్లు. బెట్జ్ హద్దు పూర్తిగా అందుకున్నా 321. లేని శక్తిని లాంతరు ఎక్కడి నుంచి తెస్తుంది? డబ్బు వృథా చేసుకోకండి.

ఎంవీపీ_మేడ
జూన్ 5, ఉదయం 9:11

ఆర్డర్ క్యాన్సిల్ చేశానండీ. చాలా థాంక్స్ మాస్టారూ.

యారాడ_తోట
జూన్ 5, రాత్రి 8:30

నేను నాలుగేళ్లుగా సావోనియస్ అనే ఇంకో రకం నిలువు గాలిమర తిప్పుతున్నాను, యారాడ దగ్గర జీడితోటలో. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము నిలువునా రెండుగా కోసి, రెండు సగాలూ కాస్త లోపలికి అతివ్యాప్తి చేసి, పైనా కిందా గుండ్రటి పలకలు బిగించడమే. ఆ పలకలు రోటర్ కంటే పది శాతం పెద్దవి ఉండాలి, లేకపోతే గాలి అంచుల నుంచి జారిపోతుంది. ఏ గాలికైనా తనంతట తనే మొదలవుతుంది, పట్టుకుంటే ఆగుతుంది. చప్పుడు లేదు. కానీ వచ్చేది చెప్పుకోవడానికి సిగ్గుపడేంత తక్కువ కాదుగానీ ఎక్కువా కాదు: 5 మీటర్ల గాలిలో 6 వాట్ల దగ్గర. కాపలా గుడిసెలో రెండు ఎల్ఈడీ బల్బులు, ఫోను. నాకు చాలు.

డారియస్ మొదలవదు అని విన్నాను. కుర్రాళ్లు దాని సంగతి ఆలోచించారా?

గాలిలెక్క
జూన్ 5, రాత్రి 10:48

యారాడ వారు అసలైన చోట వేలు పెట్టారు. ఫిన్లాండ్‌కి చెందిన సావోనియస్ రోటర్‌ని గాలి నెడుతుంది. ఫ్రాన్స్‌కి చెందిన డారియస్ 1926లో పేటెంట్‌కి పెట్టిన రోటర్ రెక్కని గాలి ముందుకి లాగుతుంది, విమానం రెక్కని పైకి లేపే బలంలాంటిదే. నెట్టేది గాలి కంటే వేగంగా పోలేదు. అలా లాగేది గాలికి రెండు మూడింతలు వేగంగా తిరుగుతుంది, అందుకే దానిలో శక్తి ఎక్కువ. కానీ ఆ వేగం అందుకునేదాకా రెక్కకి గాలి అడ్డంగా తగులుతుంది, ఆ లాగే బలం రాదు. మొదలవడమే దాని కష్టం.

బాబూ, మీ 10 సెం.మీ. రెక్కలు ఇక్కడే దెబ్బతింటాయి. రెక్కల వెడల్పులన్నీ కూడి వ్యాసార్ధంతో భాగించండి: 0.3 ÷ 0.75 = 0.4. మనలాంటి మెల్లని గాలులకి ఇది పలచన. వెడల్పు 20 సెం.మీ. చేయండి, 0.8 అవుతుంది. లోడు మీద తిరిగే వేగం తగ్గి గాలికి రెండు, రెండుంపావు రెట్ల దగ్గర ఆగుతుంది, కానీ మొదలవడం మెరుగుపడుతుంది. వెడల్పు రెక్క చిన్న వేగాల్లో గాలిని బాగా పట్టుకుంటుంది కూడా. నాకా 0015 బదులు 0018 తీసుకోండి, కాస్త మందం. ఐదు రెక్కలు అక్కర్లేదు, రెండు మాత్రం వద్దు. రెండిటితో ప్రతి చుట్టుకీ టార్క్, అంటే తిప్పే బలం, ఎగుడుదిగుడుగా వచ్చి ఇరుసు కొట్టుకుంటుంది. మూడు చాలు.

రేకు రివెట్ల ఆలోచన మానేయండి. నిలువు మరలో ప్రతి రెక్కకీ ప్రతి చుట్టులో గాలి ఒకసారి లోపలి వైపు, ఒకసారి బయటి వైపు తగులుతుంది. నిమిషానికి 200 చుట్లంటే రోజుకి 2,88,000 సార్లు రెక్క అటూ ఇటూ వంగుతుంది. అల్యూమినియం ఎంత తక్కువ బరువుకైనా ఏదో ఒక రోజు అలసిపోయి చీలుతుంది. కాలిఫోర్నియాలో 1980లలో పెట్టిన పెద్ద డారియస్‌ల అల్యూమినియం రెక్కలు ఇలాగే పగిలాయి. మీ చీలిక రివెట్ కన్నం దగ్గరే మొదలవుతుంది.

సాగర్‌నగర్_కుర్రాడు
జూన్ 6, ఉదయం 6:30

మాస్టారూ, రాత్రి ముగ్గురం కూర్చుని మళ్లీ లెక్క వేశాం. కిలోవాట్ మాట తీసేశాం. ఎనిమోమీటర్ ఆర్డర్ పెట్టాం. రెక్కలు రేకుతో కాకపోతే దేనితో?

జాలారిపేట_ఫైబర్
జూన్ 6, మధ్యాహ్నం 1:10

ఫైబర్ తెప్పలు చేస్తాం మేము, పెదజాలారిపేటలో. సముద్రం మీద రోజూ దెబ్బలు తినే సరుకు అది, మీ రెక్కకి సరిపోతుంది.

చెక్కతో రెక్క ఆకారం ఒకటి నున్నగా చేసుకో తమ్ముడూ. వెడల్పు 20 సెం.మీ. అయితే మందం 36 మి.మీ., అది ముందంచు నుంచి 6 సెం.మీ. దగ్గర రావాలి, అక్కడి నుంచి వెనక్కి సన్నబడాలి. దాని మీంచి రెండు సగాల అచ్చు తీయి. అచ్చుకి మైనం రుద్దు, బాగా, ఐదారు సార్లు. తర్వాత జెల్‌కోట్, అంటే పైకి కనపడే నున్నటి రెజిన్ పూత, అది జిగట విడిచాక గ్లాసు చాప ఒక పొర, రెజిన్ రోలర్‌తో నొక్కుతూ బుడగలు మొత్తం పోయేదాకా. ఎక్కడ బుడగ ఉంటే అక్కడ ఉప్పునీరు చేరుద్ది. రెండు సగాలూ గట్టిపడక ముందే లోపల 25 మి.మీ. గొట్టం పెట్టి అతికించు.

ఒక మాట ప్రాణం మీదది. రెజిన్ గట్టిపడడానికి కలిపే హార్డనరు, కోబాల్టు రెండూ ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, పేలుతాయి. కోబాల్టు ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపి, తర్వాతే హార్డనరు. మా షెడ్డులో కొత్త కుర్రోడికి మొదటి రోజు చెప్పేది ఇదే.

గాజువాక_లేత్
జూన్ 6, రాత్రి 9:00

ఇరుసు, హబ్బు సంగతి నేను చెప్తాను. 40 మి.మీ. ఈఎన్8 రకం ఉక్కు రాడ్డు. కింద బరువు మోయడానికి 30208 టేపర్ బేరింగు, పైన 6208 బాల్ బేరింగు. రెండిటికీ మధ్య ఎంత ఎడం ఉంటే అంత మంచిది, కనీసం 40 సెం.మీ. పై బేరింగు మీద ఆయిల్ సీల్ ఉన్నా దాని మీద స్టీలు గిన్నె బోర్లించినట్టు ఒక టోపీ వెల్డు చెయ్యి. ఏటంటే, వాన నీళ్లు ఇరుసు పట్టుకునే దిగుతాయి, సీలు ఆపలేదు.

రెక్కలు తూకం వెయ్యాలి తమ్ముడూ. కిరాణా కొట్టు కాటా కాదు, గ్రాములు చూపించేది. ఒక రెక్క 50 గ్రాములు ఎక్కువుంటే 320 చుట్ల దగ్గర నాలుగు కేజీల పైన ఊపు, సెకనుకి ఐదుసార్లు, నీ పిల్లర్ని లాగుతూ ఉంటాది. తూకం ఒకటే ఉంటే చాలదు, బరువు మధ్యస్థానం కూడా మూడిటికీ ఒకే చోట ఉండాలి.

చేతులు, అంటే ఇరుసు నుంచి రెక్కని పట్టుకునే కడ్డీలు, రెక్కకి ఎక్కడ తగిలించాలని అడుగుతావు. రెండు చివరల్లో కాదు, నడుమా కాదు. చివర నుంచి 41 సెం.మీ. లోపలికి, పైనొకటి కిందొకటి. అక్కడ పడితే రెక్క తక్కువ వంగుద్ది.

గాలిలెక్క
జూన్ 6, రాత్రి 9:40

41 సరిగ్గా చెప్పారు, పొడవులో 0.207 వంతు. ఈ లెక్క చేతికి వచ్చిన మనిషి పక్కనుంటే సగం పని అయినట్టే.

రెక్క ఒక్కోటి 2 కేజీలు అనుకుందాం. 10 మీటర్ల గాలిలో అంచు వేగం సెకనుకి 25 మీటర్లుంటే, ఒక్కో రెక్క బయటికి లాగే బలం 170 కేజీల బరువంత. ఇది మామూలు రోజు సంగతి. లోడు ఊడిపోయి, 20 మీటర్ల గాలిలో రోటర్ పట్టుతప్పి తిరిగితే అంచు 60 దాకా పోవచ్చు. అప్పుడు ఒక్కో రెక్కా దాదాపు టన్ను బరువుతో పారిపోవాలని చూస్తుంది. కింద వీధిలో పిల్లలు ఆడుకుంటారు. తిప్పడం కంటే ఆపడం ముందు డిజైన్ చేయండి.

కంచరపాలెం_కరెంట్
జూన్ 7, ఉదయం 7:00

ఆపడం గురించే రాద్దామని లేచాను. సోలార్ కంట్రోలర్ పెట్టొద్దు. బ్యాటరీ నిండగానే అది ప్యానెల్‌ని విడదీస్తుంది. ప్యానెల్‌కి ఏమీ కాదు, గాలిమరకి అదే చావు. లోడు పోయిన క్షణంలో వేగం పెరిగిపోతుంది. బ్యాటరీ నిండితే మిగులు కరెంటు వేడి తీగలోకి మళ్లించే డంప్ లోడ్ కంట్రోలర్ కావాలి. మా ఇంట్లో మొదటిదానికి హీటర్ కాయిల్స్ రెండు సమాంతరంగా కలిపి, సిమెంటు రేకు మీద బిగించి వాడాం.

బ్రేకు: మూడు ఫేజుల తీగల్నీ ఒకదానికొకటి కలిపే గట్టి స్విచ్, డయోడ్లకి ముందు. అది వేస్తే రోటర్ మెల్లగా పాకుతూ ఉంటుంది. కానీ పెను గాలిలో అప్పటికే వేగం మీదున్నప్పుడు వేస్తే కాయిల్స్ కాలిపోతాయి. అందుకే చేతితో బిగించే డిస్క్ బ్రేకు ఒకటి విడిగా, మోటార్‌సైకిల్‌ది చాలు. వ్యవస్థ 12 కాకుండా 24 వోల్టులు పెట్టండి. డయోడ్లు తినే వోల్టున్నర 12లో పెద్ద వాటా.

భీమిలి_గడప
జూన్ 7, ఉదయం 10:25

2014 అక్టోబర్ 12 ఎవరూ మర్చిపోలేదు కదా. హుద్‌హుద్ తుఫాను గంటకి 180 కిలోమీటర్ల చుట్టూ గాలులతో తీరం దాటిన రోజు మా పక్క మేడ మీది నీళ్ల ట్యాంకు మా గేటు ముందు పడింది. నిండా నీళ్లున్న ట్యాంకు. ఆ గాలికి మీ గాలిమర ఏమవుతుంది? దీనికి జవాబు లేకుండా ఏదీ నిలబెట్టకండి.

గాలిలెక్క
జూన్ 7, మధ్యాహ్నం 12:15

కట్టడాల మీద గాలి బలానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. పీడనం 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, 150 కేజీల పైమాట. ఎత్తుకీ, చుట్టుపక్కల నేలకీ గుణకాలు వేరే. 2015 సవరణలో తుఫాను తీరాలకి ఇంకో గుణకం కూడా చేర్చారు. మీ రోటర్ ఆగి ఉన్నా రెక్కల మీదే 200 కేజీలు దాటుతుంది, అది స్తంభం పైకొసన. అదే బలం స్తంభం మొదట్లో పడినంత తేలిక కాదు.

నిలబెట్టి ఎదిరించడం ఒక దారి. పడుకోబెట్టడం ఇంకో దారి, నాకు నచ్చేది అదే. స్తంభానికి మొదట్లో మడత పెట్టండి, చేతి విన్చితో దించేలా.

కెనడాలో కాప్-షా దగ్గర 110 మీటర్ల డారియస్ ఉంది, 3.8 మెగావాట్లది. దాని పని ముగించింది గాలి కాదు. 1993లో అడుగు బేరింగు పోయింది, ఆ ఎత్తు కింద దాన్ని మార్చడం కుదరక అలా నిలిచిపోయింది. దించగలిగే మర కట్టుకుంటే మీకు ఆ బాధా ఉండదు.

సాగర్‌నగర్_కుర్రాడు
జూలై 21, రాత్రి 8:15

ఆరు వారాల కొలతలు వచ్చాయి. ముందు మేం అనుకున్న ఎత్తులో, అంటే డాబా మధ్యలో మీటరున్నర మీద: సగటు గాలి సెకనుకి 2.3 మీటర్లు. అదే చోట 4.5 మీటర్ల పైపు మీద: 3.4. మూడు మీటర్ల పైపు తేడాకి శక్తి మూడు రెట్లు పైన!

ఎందుకో కళ్లారా చూశాం. వెదురు గడకి అడుగుకొక రిబ్బను కట్టి నిలబెట్టాం. పైన నాలుగు రిబ్బన్లు సముద్రం వైపు నుంచి ఇంటి వైపు చక్కగా ఎగురుతున్నాయి. పిట్టగోడ ఎత్తున ఉన్న రెండూ మాత్రం వెనక్కి, సముద్రం వైపే తిరిగి కొట్టుకుంటున్నాయి. గాలి పిట్టగోడకి గుద్దుకుని పైకి లేచి, దాని వెనక సుడి తిరుగుతోంది. మా మొదటి డిజైన్ ఆ సుడిలోనే నిలబడేది.

4.5 మీటర్ల ఎత్తులో పది నిమిషాల కొలతలు ఒక్కోదానికీ మాస్టారు చెప్పిన పద్ధతిలో లెక్కేసి కూడితే రోజుకి అర యూనిట్ చుట్టూ వస్తోంది. ఒక 540 వాట్ల సోలార్ ప్యానెల్ రెండు యూనిట్లిస్తుందని తెలుసు. అయినా కట్టాలనే ఉంది. మబ్బు పట్టిన జూలైలో, రాత్రి కరెంటు పోయినప్పుడు, మెట్ల లైట్లకీ వైఫైకీ ఈ అర యూనిట్ సరిపోతుంది. మా నాయనమ్మ చీకట్లో మెట్లు దిగలేదు.

గాలిలెక్క
జూలై 21, రాత్రి 9:30

కట్టండి. దేనికి కడుతున్నారో తెలిసి కడుతున్నారు. స్తంభం శ్లాబు మధ్యలో వద్దు, పిల్లర్ తల మీద. కింద రబ్బరు బుష్‌లు వేయండి, లేకపోతే అదురు శ్లాబులోకి దిగి రాత్రంతా గుయ్యిమంటుంది.

సాగర్‌నగర్_కుర్రాడు
సెప్టెంబర్ 28, సాయంత్రం 6:50

తిరిగింది! రెక్కలు జాలారిపేట అన్న షెడ్డులో పోశాం. హబ్బు గాజువాకలో తిప్పించాం, అన్న కూలి తీసుకోలేదు, రాడ్డు డబ్బులే తీసుకున్నాడు. మూడు రెక్కలూ 2.06, 2.06, 2.04 కేజీలు. తేలిక దానికి లోపలి గొట్టంలో 20 గ్రాముల రెజిన్ పోసి సరిచేశాం.

మధ్యాహ్నం మూడున్నరకి బ్రేకు వదిలాం. చాలాసేపు అటొకసారి ఇటొకసారి ఊగింది. 3.5 మీటర్ల దగ్గర ఒక గాలి విసురుకి చుట్టు తిరిగి, నాలుగైదు చుట్లు బద్ధకంగా వెళ్లి, ఉన్నట్టుండి పట్టుకుంది. ఆ మార్పు చెవికి వినిపిస్తుంది, రెక్కల చప్పుడు సన్నగా మారుతుంది. 5 మీటర్లకి 138 చుట్లు, బ్యాటరీలోకి 31 వాట్లు. నాయనమ్మ కుర్చీ వేయించుకుని చీకటి పడేదాకా చూసింది.

కంచరపాలెం_కరెంట్
సెప్టెంబర్ 28, రాత్రి 7:20

మొదటి రోజే 31 అంటే చాలా బాగుంది! లెక్కలో 38 కదా, మిగతాది తీగలో ఉంటుంది. డాబా నుంచి బ్యాటరీ దాకా ఏ మందం వాడారు? 6 చదరపు మి.మీ. కంటే తక్కువైతే మార్చండి.

సాగర్‌నగర్_కుర్రాడు
అక్టోబర్ 24, రాత్రి 10:05

నిన్న వాయుగుండం కబురు, పోర్టులో మూడో నెంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో రాగానే మేం పెట్టుకున్న నియమం ప్రకారం దించేశాం. ఫేజులు కలిపి, డిస్క్ బ్రేకు బిగించి, విన్చి తిప్పితే ఇద్దరం 25 నిమిషాల్లో పడుకోబెట్టాం. రెక్కలు పిట్టగోడ కొక్కేలకి తాళ్లతో కట్టాం. ఈ సాయంత్రం మళ్లీ లేపాం, బాగానే తిరుగుతోంది.

పడుకోబెట్టినప్పుడు దగ్గరగా చూస్తే ఒకటి కనబడింది. అల్యూమినియం చేతులకి స్టీలు బోల్టులు పెట్టిన ప్రతిచోటా తెల్ల పొడి, ముట్టుకుంటే సున్నంలా రాలుతోంది. నెల కూడా కాలేదు. ఇది ప్రమాదమా?

గాజువాక_లేత్
అక్టోబర్ 24, రాత్రి 10:30

ఉప్పు గాలిలో రెండు లోహాలు తగిలితే అల్యూమినియం తినేసుకుంటాది. ఇప్పుడే చూసుకున్నావు కాబట్టి పర్లేదు, వచ్చే వేసవి దాకా వదిలేస్తే కన్నం పెద్దదై చెయ్యి ఊడుద్ది. రేపు పొద్దున్న మళ్లీ దించి బ్రేకు వేసి ఉంచు, తిప్పొద్దు. బోల్టు చుట్టూ నైలాన్ బుష్షు, రెండు పక్కలా నైలాన్ వాషర్లు, పైన గ్రీజు. బుష్షులు నేను తిప్పి తెస్తాను, ఆదివారం పొద్దున్న వస్తాను. 13 నెంబరు స్పానర్లు రెండు ఉంచు తమ్ముడూ.